సూది తిరిగిన వైపు

కొత్త మసీదు గోడ తప్పుగా లేచిందని మొదట కనిపెట్టింది మీరావలే. కనిపెట్టినవాడు కాసేపు నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది! అది అతనివల్ల అయ్యే పనా? మసీదు నడిపే జమాతు పెద్దలంతా అక్కడే ఉన్నారు. దిక్సూచి చేతిలో పట్టుకుని, "గోడ కిబ్లాకు లేదు! పక్కకు పోయింది!" అని కేకపెట్టాడు. అదే ఊపులో, "ఇది గంగులు చేసిన నిర్వాకం" అని కూడా అనేశాడు.

కిబ్లా అంటే మక్కా ఉన్న దిక్కు. నమాజుకు నిలబడ్డవాళ్ళు ముఖం తిప్పవలసింది అటే. బందరు నుంచి చూస్తే అది పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. మసీదు కట్టేటప్పుడు ముందు ఆ దిక్కు చూసి దారం పడతారు, ఆ దారాన్నిబట్టి గోడ లేపుతారు. దారం పట్టించింది మీరావలి. గోడ కట్టింది తాపీమేస్త్రి గంగులు. ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి. పెద్దలు ఒకసారి మీరావలి వైపు చూశారు, ఒకసారి గంగులు వైపు చూశారు. ఒకరి చేతిలో దొర ఇచ్చిన ఇత్తడి దిక్సూచి, ఇంకొకరి చేతిలో సున్నం అంటిన తాపీ. వాళ్ళు ఎవరి మాట నమ్మారో వేరే చెప్పాలా?

గంగులు ఒకటే మాట అన్నాడు. "బాబు ఎక్కడ చూపిస్తే అక్కడే గుంజ పాతానండి."

ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. తుపానుకు పాత మసీదు కూలిపోయాక, ఆ పేటవాళ్ళు ఎండనకా వాననకా బయటే నమాజు చేసుకుంటున్నారు. మర్నాడు శుక్రవారం. కొత్త కప్పు కింద మొదటి జుమా. అందరూ దానికోసం ఎదురుచూస్తుంటే ఇదీ కబురు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పేటకు గురువైన ఇనాయత్ షా గారి ఎదుట కూర్చుని తేలుద్దాం అన్నారు గానీ, వాళ్ళలో వాళ్ళు అప్పుడే తేల్చేసుకున్నారు. గంగులు ఆ గోడను తన చేత్తోనే పడగొట్టి, తన చేత్తోనే మళ్ళీ కట్టాలి. ఆ తరవాత బందరులో అతన్ని గోడకు పిలిచేవాళ్ళు ఉండరు. జుట్టు నెరిసేదాకా కూడబెట్టుకున్న పేరు ఒక్క పొద్దులో గంగలో కలిసిపోయేలా ఉంది.

ఆ మధ్యాహ్నం మీరావలికీ అన్నం సయించలేదు. తప్పు గంగులుదేనని అతనికి అనుమానం లేదు. అయినా ఆ ముసలి మేస్త్రి అన్న మాట అతన్ని వదలడం లేదు. దొరగారి గది తలుపు తీసి చెయ్యవలసిన పనులు చేసి, తిన్నగా గురువుగారు ఉండే తకియాకు బయలుదేరాడు.

మీరావలి సంగతి కొంచెం చెప్పాలి. వాళ్ళది దూది ఏకే కుటుంబం. ఒకసారి దూది మోపు నెత్తిన పెట్టుకుని అమ్మబోతే, మెరుపు దొర బేరమాడకుండా మోపంతా కొనేశాడు. ఆ దొర అసలు పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఆయన గదిలో ఒక్కోసారి నీలంగా మెరుపులు కనబడతాయి కాబట్టి మెరుపు దొర అనేవాళ్ళు. రాగి బిళ్ళ మీద తుత్తునాగం బిళ్ళ, వాటి మధ్య ఉప్పునీళ్ళలో తడిపిన దూది, మళ్ళీ రాగి, మళ్ళీ తుత్తునాగం, ఇలా దొంతర పేరుస్తాడు. ఆ దొంతర పైనుంచి ఒక తీగ, కింద నుంచి ఒక తీగ. రెండూ కలిపితే చిటపటమని మెరుపు! దూది సరిగా తడిపి, సరిగా పరిచేవాడు దొరకు కావలసివచ్చాడు. మీరావలి ఉండిపోయాడు.

ఓడలో కొత్త కాగితాలు వచ్చిన రోజు సంగతి అతను ఎప్పటికీ మరిచిపోడు. ఎక్కడో డెన్మార్కు దేశంలో ఒక పండితుడు కనిపెట్టాడట. దొర కాగితం చదవడం, గబగబా దొంతర పేర్చడం, తీగను దిక్సూచి పైగా లాగడం, అన్నీ ఒక ఊపులో జరిగిపోయాయి. తీగ చివరలు కలిపారు. చప్పుడు లేదు, పొగ లేదు, తీగలో ఏమీ కనబడలేదు. కానీ దాని కిందున్న సూది ఉలిక్కిపడ్డట్టు పక్కకు తిరిగింది! తీగ విడదీస్తే మళ్ళీ ఉత్తరానికి వచ్చింది. దొర చిన్నపిల్లాడిలా నవ్వాడు. "మీరావలీ, తీగా సూదీ ఎన్నాళ్ళుగానో ఒకే బల్లమీద ఉన్నాయి. పక్కనే ఉన్నదాన్ని ఒక్కరమూ చూడలేదు" అన్నాడు.

ఆ మర్నాటి నుంచీ మీరావలి కాళ్ళు నేలమీద నిలవలేదు. దొర అతనికి ఒక దిక్సూచి ఇచ్చాడు. తన గది తాళంచెవి కూడా అతని దగ్గరే ఉంచమన్నాడు. జానెడు ఇనప తాళంచెవి అది. దాన్ని నల్లతాడుతో నడుముకు వేలాడదీసుకుని, నడిచినప్పుడల్లా అది తొడకు తగులుతుంటే బజారంతా తిరిగేవాడు. దొర దగ్గరున్న అయస్కాంతం మీద దాన్ని రుద్ది రుద్ది, ఆ చెవితో గుండుసూదులు ఎత్తి జనానికి చూపించేవాడు. "బాబోయ్" అని వాళ్ళంటే ఇతగాడికి కడుపు నిండేది. ఇంట్లో తప్ప ఆ చెవిని నడుం మీంచి తీసేవాడు కాదు.

తకియాలో ఇనాయత్ షా గారు తుంగచాప అల్లుతున్నారు. కొత్త మసీదుకు కావలసిన చాపలన్నీ తన చేత్తోనే అల్లుతానని ఆయన ముందే చెప్పారు. అల్లడం అయినవి చుట్టలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. చివరి చాప ఒడిలో ఉంది.

"హజ్రత్, నాకో చిక్కు వచ్చిపడింది" అన్నాడు మీరావలి కూర్చుంటూ.

"విన్నాను" అన్నారాయన, చేతిలో పని ఆపకుండానే.

"గంగులు దారం జరిపాడు. లేకపోతే ఉంగరం మళ్ళీ వేలికి పెట్టుకున్నాడు. శని పట్టకుండా ఇనప ఉంగరం వేసుకుంటాడు కదా, దాన్ని తియ్యమన్నాను. తీశాడు. మళ్ళీ పెట్టుకోలేదని నాకు నమ్మకం లేదు. ఇనుము దగ్గరుంటే సూది చెడిపోతుందని ఆ రోజు ఎంత మొత్తుకున్నానో మీకు తెలుసు."

తెలియకేం! ఆ రోజు అతను చేసిన హడావుడి పేటంతా చూసింది. గడ్డపార, తాపీ, తూకపుగుండు, అన్నీ వీధి చివరికి మోయించాడు. గంగులు వేలికి కొబ్బరినూనె రాయించి ఉంగరం లాగించాడు. గురువుగారి చేతికర్ర చివర ఇనప పొన్ను ఉందని, ఆ కర్రను కూడా బయటే పెట్టించాడు. కర్ర లేకపోతే ఆయన ఎక్కువసేపు నిలబడలేరు. ఆ ఎండలో ఇటుకల గుట్ట పట్టుకుని నిలబడి, శిష్యుడు దారం పట్టించినంతసేపూ ఏమీ అనకుండా చూశారు.

"మరి చిక్కేమిటి?" అన్నారు గురువుగారు.

మీరావలి ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "గంగులు నిజం చెప్పి ఉంటే, సూదే అబద్ధం చెప్పినట్టు. ఇనుము వస్తే తిరుగుతుంది, తీగ వస్తే తిరుగుతుంది. అలాంటి సూదిని పట్టుకుని కిబ్లా ఎలా వెతకాలి హజ్రత్? నాకు భయం వేస్తోంది. ఇన్నాళ్ళూ నేను తిరిగి నిలబడ్డ దిక్కు కూడా..."

ఇనాయత్ షా గారు తుంగ పోగు చివర ముడివేశారు. "ఆ దొర ఏదైనా తెలుసుకోవాలంటే ఏం చేస్తాడు నాయనా?"

"ఒక్కొక్కటే మార్చి చూస్తాడు. మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉంచుతాడు. అప్పుడే కదా ఏది దేన్ని కదిలిస్తోందో తెలిసేది!" చెప్పేటప్పుడు మీరావలి గొంతులో మళ్ళీ ఆ దర్జా వచ్చేసింది.

"మంచి పద్ధతి. ఆ దొరకు నా సలాం చెప్పు." ఆయన చేతికర్ర అందుకుని లేచారు. "పెద్దలు వచ్చేలోపల మనమూ అలాగే చూద్దాం. గంగులును కూడా రమ్మను. ఆ చాపలు కూడా తెండి, ఎలాగూ అక్కడికి చేర్చాల్సినవే."

మసీదులో ఎవరూ లేరు. కొత్త సున్నం వాసన, తాటాకు కప్పు కింద చల్లని నీడ. గంగులు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"లోపలికి రా మేస్త్రీ" అన్నారు గురువుగారు.

"నేను కట్టిన గోడే సాహెబుగారూ, అయినా లోపలికి రావాలంటే సిగ్గుగా ఉంది" అన్నాడు గంగులు.

గురువుగారు మీరావలి చేతిలోంచి దిక్సూచి తీసుకున్నారు. "నువ్వక్కడే గుమ్మంలో ఉండి చెప్పు. దీన్ని ఎలా చూడాలో నాకు తెలీదు."

మీరావలి గుమ్మంలో నిలబడి చెప్పాడు. డబ్బా మీద ఉత్తరానికి ఒక గుర్తు ఉంది. సూది మొన ఆ గుర్తు మీదికి వచ్చేదాకా డబ్బాను తిప్పాలి. అప్పుడు డబ్బా అంచున మీరావలి గీసుకున్న గీత కిబ్లా వైపు చూపిస్తుంది. మసీదు నడిమధ్య, దారం పట్టిన రోజున దిక్సూచి పెట్టిన బండ ఇంకా అలాగే ఉంది. దానిమీద గురువుగారు డబ్బా పెట్టి, మెల్లగా తిప్పి సరిచేశారు. గీత వెంట చూపు సారిస్తే, అది గోడకు తిన్నగా తగలడం లేదు. పక్కకు పోతోంది.

"పొద్దున నేను చెప్పింది ఇదే!" అన్నాడు మీరావలి.

"నిజమే. ఇప్పుడు మేస్త్రీ, నువ్వు ఆ రోజు గుంజ పట్టుకుని ఎక్కడ నిలబడ్డావో అక్కడ నిలబడు. ఉంగరం పెట్టుకునే నిలబడు."

గంగులు ఉంగరం పెట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. సూది కదల్లేదు.

"ఇంకా దగ్గరికి రా."

వచ్చాడు. వేలు డబ్బా పక్కన పెడితే సూది ఒక వణుకు వణికి ఊరుకుంది, అంతే. "దీన్ని తీసిన రోజే నాకు శని పట్టింది సాహెబుగారూ" అన్నాడు గంగులు దిగులుగా. ఆయన నవ్వారు. ఆ నవ్వుకు గంగులు ముఖం కూడా కాస్త తేటపడింది.

తరవాత గురువుగారు తన కర్ర దగ్గరికి తెచ్చారు. దూరంగా ఉన్నంతసేపు ఏమీ లేదు. పొన్నును పక్కనే ఆనిస్తే సూది కొంచెం జరిగింది. కర్ర తీసి బయట పెట్టేసి వచ్చారు.

"ఆ రోజు ఈ బండ దగ్గర ఇంకెవరున్నారు?"

"ఇంకెవరూ లేరు హజ్రత్. మనం ముగ్గురమే."

"ముగ్గురిలో ఇద్దరం అయ్యాం" అన్నారాయన. "నువ్వు కూడా వచ్చి, ఆ రోజు కూర్చున్నట్టే కూర్చో."

మీరావలి ముందుకు వచ్చాడు. గోడ వైపు తిరిగి, బండ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఆ రోజు వంగినట్టే దిక్సూచి మీదికి వంగాడు. తాడుకు వేలాడుతున్న తాళంచెవి తొడ మీంచి జారి బండ అంచుకు తగిలింది. టంగుమంది.

సూది కదిలింది. గబుక్కున కాదు. నిద్రలోంచి లేచిన మనిషి పిలుపు వినబడ్డ వైపు తిరిగినట్టు మెల్లగా ఉత్తరపు గుర్తు వదిలేసి, అతని నడుం వైపు జరిగి, అక్కడ నిలిచింది.

ముగ్గురూ చూశారు.

"ఇప్పుడు డబ్బాను సూదికి సరిపెట్టు" అన్నారు గురువుగారు.

మీరావలి డబ్బా తిప్పాడు. సూది మొన ఉత్తరపు గుర్తు మీదికి వచ్చింది. అతను గీసుకున్న గీత తిన్నగా వెళ్ళి గోడకు ఎదురుగా నిలిచింది. ఒక వెంట్రుక తేడా లేదు. గంగులు కట్టిన గోడ, అతను పట్టించిన దారం, అంతా ఒకటే దిక్కు.

"లే."

లేచి వెనక్కు తగ్గాడు. సూది తన చోటికి పోయింది.

"కూర్చో."

కూర్చున్నాడు. మళ్ళీ అతని వైపు తిరిగింది.

"ఇది ఎందుకిలా చేస్తుందో నాకు తెలీదు నాయనా. ఆ విద్య నీది" అన్నారు ఇనాయత్ షా గారు. ఆయన మాటలో ఎకసెక్కం లేదు. అది మీరావలికి ఇంకా కష్టంగా తోచింది.

మీరావలికి ఆ రోజంతా కళ్ళముందు తిరిగింది. గడ్డపార మోయించాడు, తూకపుగుండు మోయించాడు, ముసలాయన వేలు నూనె రాసి లాగించాడు, నడవలేని గురువు చేతికర్ర లాక్కున్నాడు. పేటలో ఉన్న ఇనుమంతా వెతికి వెతికి వెళ్ళగొట్టాడు. ఈ పొద్దున తలస్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకుని, తాళంచెవి ఇంట్లో చిలక్కొయ్యకే మరిచి వచ్చాడు. అందుకే ఈ పొద్దున సూది నిజం చెప్పింది. దారం పట్టిన రోజున చెవి నడుం మీదే ఉంది. బజారులో గుండుసూదులు ఎత్తే చెవి! పక్కనే ఉన్నదాన్ని చూడలేదని దొర నవ్వుతూ అన్న మాట ఇప్పుడు గుర్తొచ్చింది. తల కొట్టేసినట్టయింది.

గంగులుకు కూడా అర్థమైంది. అతను పక్కకు తిరిగి, గోడమీద ఎక్కడో లేని సున్నపు పెచ్చు గోటితో గీకుతూ నిలబడ్డాడు. ఆ మర్యాదకే మీరావలికి ఏడుపు వచ్చింది.

"గంగులన్నా" అన్నాడు. అంతకుముందెప్పుడూ అతన్ని అన్నా అని పిలిచి ఎరగడు. "నీ నోటి దగ్గర కూడు తీసెయ్యబోయాను. నన్ను క్షమించు."

"ఊరుకోండి బాబూ, ఆకలితో చచ్చిపోతున్నాను, ఇంటికెళ్ళనివ్వండి చాలు" అన్నాడు గంగులు.

"పెద్దలు వచ్చేదాకా ఉండన్నా. నువ్వు వినాలి."

అసర్ నమాజు అయింది. పెద్దలు వచ్చారు. గంగులు పక్కనే మీరావలి నిలబడ్డాడు. పొద్దున ఎంత గట్టిగా అరిచాడో ఇప్పుడూ అంత గట్టిగానే చెప్పాడు. "తప్పు నాది. సూది తిరిగింది నా నడుం మీదున్న తాళంచెవికి. నేను చూపించిన చోటే గంగులన్న గుంజ పాతాడు. పొద్దున గంగులన్న మీద నేనన్న మాట అబద్ధం." వాళ్ళు నమ్మలేకపోతే తాళంచెవి చూపించి, కూర్చుని, లేచి, సూది తిరగడం కూడా చూపించాడు. ఒక పెద్దాయన గంగులు దగ్గరికి వెళ్ళి అతని చేతులు పట్టుకున్నాడు.

"అదంతా సరే" అన్నాడు ఇంకొకాయన. "రేపు జుమా. గోడ మాట ఏమిటి? పడగొట్టడమా?"

"పడగొట్టేది నేనే. కట్టేదీ నేనే" అన్నాడు మీరావలి. "ఇప్పుడే మొదలుపెడతాను."

"నువ్వు కడితే అది ఇంకెటు పోతుందో!" అన్నాడు గంగులు. అప్పటిదాకా బిగుసుకున్న వాళ్ళంతా నవ్వేశారు. మీరావలి కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఇనాయత్ షా గారు గోడ మాట ఎత్తలేదు. చుట్టి ఉన్న చాపల్లోంచి ఒకటి లాగి, దిక్సూచి చూపిస్తున్న గీత వెంట తిన్నగా పరిచారు. గోడకు సరిగా ఆనలేదు చాప. ఒక మూల గోడకు తగిలితే, రెండో మూల దగ్గర నేల ముక్కోణంగా బయటపడింది. ఆయన దానిమీద నిలబడి, గోడ వైపు కాకుండా చాప చూపిస్తున్న వైపు ముఖం తిప్పారు.

"గోడ ఉండనివ్వండి. నిలబడేది చాపమీద" అన్నారు.

పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. గోడ ఒకలా, చాపలు ఒకలా. గడపలో అడుగుపెట్టగానే కంటికి కొట్టేలా ఉంది. "కొత్తవాళ్ళు వస్తే నవ్వుతారేమో హజ్రత్. ఎందుకిలా వంకరగా వేశారని అడుగుతారు."

"అడగనీ. మీరావలి చెబుతాడు."

మీరావలి తల ఎత్తాడు. ఈ చాపలు ఉన్నన్నాళ్ళూ, ఇవి చిరిగి కొత్తవి వేసినా, అడిగినవాడికల్లా చెబుతూనే ఉండాలి. గోడ పడగొట్టడమే తేలిక. ఒకసారి పడగొడితే అయిపోయేది. గురువుగారి ముఖంలో కోపం ఉందేమోనని వెతికాడు. ఆయన రెండో చాప చుట్ట విప్పుతున్నారు.

"చెబుతాను హజ్రత్" అన్నాడు.

"అయితే రా, ఈ కొస పట్టుకో. దిక్సూచి చూస్తూ వెయ్యాలి."

మీరావలి గబగబా రెండడుగులు ముందుకు వేశాడు. తొడకు తాళంచెవి తగిలింది. బండమీద సూది ఊగింది. గురువుగారు చాప మీంచి చూపు ఎత్తకుండానే అన్నారు.

"చెప్పులతో పాటు దాన్నీ గుమ్మంలో పెట్టి రా నాయనా."